జతకు ఏడు దూరం: పాత నెట్‌వర్క్ కార్డుకు ఏయూఐ కేబుల్ కట్టిన కేసు

బాలానగర్ పారిశ్రామిక వాడలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్. కడ్డీలు, ప్లేట్లు, వెల్డింగ్ ముక్కలు తెచ్చి ఇస్తే మిషన్‌లో బిగించి, తెగేదాకా లాగి, ఎంత బలానికి సాగింది, ఎంత బలానికి తెగింది అని రిపోర్టు ఇస్తారు. ఆ మిషన్‌కు తోడుగా 1990ల నాటి 486 కంప్యూటర్ ఒకటి ఉంది. అందులో డాస్ మీద, అంటే విండోస్‌కు ముందు కాలపు వ్యవస్థ మీద, నడిచే ప్రోగ్రామ్. ఫలితాల ఫైలును ఫ్లాపీలోకి ఎక్కించుకుని పక్క గదికి తీసుకెళ్లి ప్రింటు తీస్తారు. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. ఫ్లాపీలు ఒక్కొక్కటే మొరాయించడం మొదలయ్యాక నాకు ఫోన్ చేశారు.

నా పనే అది. పాత మిషన్లను అంటిపెట్టుకుని ఉన్న పాత కంప్యూటర్లను తీసేయకుండా, వాటి డేటాను ఇప్పటి నెట్‌వర్క్‌లోకి తేవడం. ఈ కేసులో సాఫ్ట్‌వేర్ పని ఒక పూటలో అయిపోయింది. మూర పొడవు కూడా లేని ఒక కేబుల్ మాత్రం మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నది ఇలాంటి కార్డులతో కుస్తీ పట్టేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందుగా, కార్డు మార్చేస్తే పోయేది కదా అని చదివేవాళ్లు అడుగుతారు. నేనూ మొదట అదే అన్నాను. కుదరలేదు. మిషన్ ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు నెట్‌వర్క్ కార్డులోని హార్డ్‌వేర్ అడ్రస్ చదువుతుంది. తనకు తెలిసిన అడ్రస్ కాకపోతే ముందుకు కదలదు. ఆ రోజుల్లో లైసెన్సు కాపాడుకోవడానికి కొందరు పెట్టుకున్న తాళం అది. ఆ అడ్రస్ కార్డు మీద ఒకసారి రాస్తే మారని చిన్న ప్రామ్ చిప్‌లో ఉంటుంది, మా కార్డులో దాన్ని నేరుగా బోర్డుకు సోల్డర్ చేశారు. దాన్ని పీకి ఇంకో కార్డుకు వేసే సాహసం చేయాలనిపించలేదు. చిప్ కాలు ఒకటి విరిగితే మొత్తం మిషనే ఆగిపోతుంది. పోనీ రెండో కార్డు పెడదామంటే స్లాట్ ఖాళీ లేదు. డిస్‌ప్లే, డిస్కు కంట్రోలర్, బలం కొలిచే కార్డు, మోటార్ నడిపే కార్డు, ఈ నెట్‌వర్క్ కార్డు, అంతటితో అయిదు స్లాట్లూ నిండాయి. ఫ్లాపీ డ్రైవ్ బదులు పెన్‌డ్రైవ్ పెట్టుకునే డబ్బా గురించి కూడా మాట్లాడుకున్నాం. కానీ ఓనర్‌కు కావలసింది పరీక్ష అవగానే ఫైలు ఆఫీసులో కనపడటం, మనిషి చేతిలో తిరగడం కాదు. అంటే ఉన్న కార్డునే మాట్లాడించాలి.

కార్డు ఆ రోజుల్లో బాగా వాడుకలో ఉన్న ఎన్‌ఈ2000 నెట్‌వర్క్ కార్డు తరహా కాపీ. పైన నేషనల్ సెమీకండక్టర్ వాళ్ల డీపీ8390 కుటుంబం చిప్పులు. వెనక రేకు మీద సన్న కోయాక్సియల్ కేబుల్ పెట్టే గుండ్రటి బీఎన్‌సీ ఒక్కటే ఉంది, ఇప్పటి నెట్‌వర్క్ కేబుల్ పెట్టే ఆర్‌జే45 లేదు. ఒకప్పుడు దాన్నుంచే ఆఫీసు కంప్యూటర్‌కు కోయాక్స్ కేబుల్ ఉండేదట, గోడలకు రంగులేసినప్పుడు పీకి పారేశారు. అదైనా మళ్లీ వాడుకోవచ్చేమో అనుకున్నాను గానీ, బీఎన్‌సీ వైపు డీపీ8392 చిప్‌కు మైనస్ 9 వోల్టులు ఇచ్చే చిన్న కన్వర్టర్ డబ్బా చచ్చిపోయి ఉంది. ఆ వయసు కార్డుల్లో అది తరచూ కనిపించే జబ్బే. ఇక మిగిలిన దారి ఒకటే. బోర్డు అంచున రెండు వరసల్లో 16 పిన్నుల హెడర్, అంటే నిలబడి ఉన్న పిన్నుల గుంపు, పక్కన తెల్ల ఇంకుతో డిక్స్ అని రాసి ఉంది. దాని నుంచి రిబ్బన్ కేబుల్‌తో పక్క స్లాట్ రేకు మీదికి 15 పిన్నుల కనెక్టర్ ఒకటి వచ్చి ఉండాలి. ఆ రేకూ లేదు, కేబులూ లేదు.

ఆ కనెక్టర్ ఏమిటో తెలియనివాళ్లకు కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. ఈథర్‌నెట్ 1973లో జిరాక్స్ పార్క్‌లో పుట్టింది. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ మూడూ కలిసి దాన్ని పుస్తకంగా అచ్చేశాయి. ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలే డిక్స్. అప్పటి కేబుల్ దాదాపు సెంటీమీటరు లావు, పసుపు రంగు తొడుగు, ప్రతి 2.5 మీటర్లకూ ఒక గుర్తు. అంత మోటు కేబుల్‌ను వంచి కంప్యూటర్ వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. అందుకని కేబుల్‌ను సీలింగ్‌లోనో గోడ వెంటో వదిలేసి, ట్రాన్సీవర్ అనే డబ్బాను దాని మీదే బిగించి, అక్కడి నుంచి కంప్యూటర్ దాకా 50 మీటర్ల వరకు పొడవుండే వేరే కేబుల్ వేసేవాళ్లు. ఆ కేబుల్ మీద వెళ్లే సంకేతాల పద్ధతే ఏయూఐ. కార్డుకు అవతల ఏ రకం వైరు ఉందో అక్కర్లేదు. లావు కోయాక్స్ అయినా, 1985లో వచ్చిన సన్న కోయాక్స్ అయినా, 1990లో ప్రమాణమైన మెలి జతల వైరు, అంటే 10బేస్-టీ అయినా, దానికి తగ్గ ట్రాన్సీవర్ తగిలిస్తే చాలు. కార్డు మారదు, డ్రైవర్ మారదు. దాదాపు యాభై ఏళ్ల కిందట ఆలోచించి పెట్టిన ఆ ఏర్పాటు వల్లే ఈ రోజు నేను ఆ కార్డును ఇప్పటి నెట్‌వర్క్ స్విచ్‌కు కలపగలిగాను. ఆ ఇంజనీర్ల మీద నాకున్న గౌరవం ఈ పని చేసిన ప్రతిసారీ పెరుగుతూనే ఉంటుంది.

15 పిన్నుల్లో పని చేసేవి నాలుగు జతలు. 3, 10 కార్డు నుంచి బయటికి వెళ్లే డేటా. 5, 12 లోపలికి వచ్చే డేటా. 2, 9 ఇద్దరు ఒకేసారి పంపడంతో వైరు మీద డేటా ఢీకొందని ట్రాన్సీవర్ చెప్పే జత. 13లో ప్లస్ 12 వోల్టులు, 6 దాని తిరుగు దారి. 1, 4, 8, 11, 14 షీల్డులు, అంటే గ్రౌండు. 7, 15 కంట్రోల్ అవుట్ కోసం కేటాయించారు, దాన్ని వాడే పరికరం నా చేతికి ఇంతవరకు రాలేదు. జతలను ఒకసారి మళ్లీ చూడండి. 2కు 9, 3కు 10, 5కు 12, 6కు 13. ప్రతి జతలోనూ తేడా ఏడు. ఈ ఏడే తర్వాత నన్ను ఒడ్డున పడేసింది.

మొదటి ప్రయత్నం: గేమ్ పోర్ట్ రేకు

కోఠి గుజరాతీ గల్లీలో 15 పిన్ డీ కనెక్టర్ అని అడిగితే మూడు వరసల వీజీఏ కనెక్టర్ చేతిలో పెడతారు. మనకు కావలసింది రెండు వరసలది, పైన 8, కింద 7. గేమ్ పోర్ట్ కనెక్టర్ అని అడిగితే పాత కొట్టువాళ్లకు వెంటనే తెలుస్తుంది. జాయ్‌స్టిక్కు పెట్టుకునే ఆ పోర్టుదీ ఇదే ఆకారం, పిన్నుల సంఖ్యా ఇదే. అందుకే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సౌండ్ కార్డు వెనక ఉన్న గేమ్ పోర్టుకు ఏయూఐ ట్రాన్సీవర్ చక్కగా పడుతుంది. అక్కడ 1, 8, 9 పిన్నుల్లో 5 వోల్టులు ఉంటాయి, అంటే ఢీకొన్న కబురు మోసే 9వ పిన్నుకు నేరుగా 5 వోల్టులు తగులుతాయి. పట్టింది కదా అని పెట్టకూడదు.

పాత మల్టీ ఐఓ కార్డులతో పాటు గేమ్ పోర్ట్ రేకు ఒకటి వచ్చేది. 16 పిన్నుల సాకెట్ ఒక కొసన, 15 పిన్నుల ఆడ కనెక్టర్ ఇంకో కొసన, మధ్యలో బూడిద రంగు రిబ్బన్. మన మార్కెట్లో ఆ సాకెట్‌ను ఎఫ్‌ఆర్‌సీ అంటారు. అలాంటి రేకు ఒకటి నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఏయూఐలో కార్డు వైపు కనెక్టర్ కూడా ఆడదే ఉండాలి. చూడగానే సరిగ్గా సరిపోతుందనిపించింది. తగిలించాను.

ట్రాన్సీవర్ పెట్టే ముందు మీటర్ పెట్టడం నా అలవాటు. 13, 6 మధ్య 12 వోల్టులు రావాలి. రాలేదు. ఫ్యూజు పోయిందేమో అనుకుని, మీటర్ నల్ల వైరును క్యాబినెట్‌కు ఆనించి, ఎర్ర మొనను ఒక్కో పిన్నుకూ తాకిస్తూ వెళ్లాను. 12 వోల్టులు 7వ పిన్నులో కనిపించాయి.

అప్పుడు విషయం అర్థమైంది. రిబ్బన్‌ను డీ కనెక్టర్‌లో నేరుగా నొక్కినప్పుడు పై వరస పిన్ను, కింది వరస పిన్ను మార్చి మార్చి వైరును పట్టుకుంటాయి. కాబట్టి రిబ్బన్ మొదటి వైరు 1వ పిన్నుకు, రెండోది 9కి, మూడోది 2కి, నాలుగోది 10కి, ఇలా వెళ్తుంది. కార్డు తయారుచేసినవాళ్లు ఈ వరసకు సరిపోయేలా హెడర్ అమర్చి ఉంటే గేమ్ పోర్ట్ రేకు యథాతథంగా పని చేసేది. మా కార్డు వాళ్లు అలా చేయలేదు. హెడర్ 1వ పిన్ను కనెక్టర్ 1కి, 2వది 2కి, 13వది 13కి అని అంకెకు అంకె పెట్టారు. నా రిబ్బన్ ఆ పదమూడో వైరును 7వ పిన్నుకు తీసుకుపోయింది. పాత సీరియల్ పోర్ట్ రేకులతో పని చేసినవాళ్లకు ఈ తలనొప్పి కొత్త కాదు. 10 పిన్నుల హెడర్ నుంచి 9 పిన్నుల కనెక్టర్‌కు వెళ్లే కేబుళ్లలో ఇవే రెండు పద్ధతులు ఉంటాయి, చూడ్డానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

7 ఎవరూ వాడని పిన్ను కాబట్టి మాకు నష్టం జరగలేదు. దీనికి తలకిందుల కేసు ప్రమాదకరం. హెడర్ రిబ్బన్ వరసలో ఉండి, కేబుల్ అంకెకు అంకె కట్టి ఉంటే 12 వోల్టులు పోయి 10వ పిన్నులో, అంటే డేటా జతలో కూర్చుంటాయి. ట్రాన్సీవర్ తగిలించే ముందు మీటర్ పెట్టడం మానొద్దు అని ఇంతగా చెప్పేది అందుకే.

హెడర్‌ను కూపీ లాగడం

ఒక్క 12 వోల్టుల పిన్నును చూసి మొత్తం హెడర్ అంతేనని తీర్మానించడం నాకు ఇష్టం లేదు. కార్డును బయటికి తీసి టేబుల్ మీద పెట్టాను. హెడర్ అడుగున చదరపు ప్యాడ్ ఉన్నది 1వ పిన్ను. అక్కడి నుంచి ఒక వరసలో బేసి అంకెలు, ఇంకో వరసలో సరి అంకెలు.

ముందు కరెంటు. కార్డు స్లాట్‌లోకి దిగే ఐఎస్‌ఏ అంచులో బీ వరస 9వ కాలు ప్లస్ 12 వోల్టులు. అక్కడ ఒక మొన పెట్టి వెతికితే, చిన్న ఫ్యూజు మీదుగా హెడర్ 13 దాకా దారి దొరికింది. బీ వరస 1వ కాలు గ్రౌండు. అది హెడర్ 6కి, ఇంకా 1, 4, 8, 11, 14కి వెళ్లింది.

తర్వాత జతలు. కార్డు మీది జంపర్ల వరసను, అంటే పిన్నులను కలిపే చిన్న తొడుగులను, బీఎన్‌సీ నుంచి డిక్స్ వైపుకు మార్చి, మీటర్‌ను రెండు మొనల మధ్య దారి ఉంటే మోగే బీప్‌లో పెట్టాను. 2కి 9తో బీప్. 3కి 10తో బీప్. 5కి 12తో బీప్. కొత్తగా చూసేవాళ్లు ఇవన్నీ షార్టు అయ్యాయని కంగారు పడతారు. షార్టు కాదు. హెడర్ వెనక 16 కాళ్ల నల్ల డబ్బా ఒకటి ఉంటుంది, అది పల్స్ ట్రాన్స్‌ఫార్మర్. అందులో మూడు జతల చుట్లు. మీటర్ పంపే డీసీకి రాగి తీగ చుట్టు అంటే ఉట్టి వైరే. అందుకే ప్రతి జతా తనలో తాను కలిసినట్టు మోగుతుంది.

ఇక్కడే ఒక సులువు దొరికింది. పిన్ను ఏడు దూరంలో ఉన్న పిన్నుతో మోగితే హెడర్ అంకెకు అంకె పద్ధతి. పక్క పిన్నుతోనే, అంటే 2 మూడుతో, 4 అయిదుతో, 8 తొమ్మిదితో మోగితే రిబ్బన్ పద్ధతి. కార్డు కంపెనీ పేరు తెలియకపోయినా, ఏ కాగితమూ దొరక్కపోయినా, కార్డుకు కరెంటు ఇవ్వకుండానే అర నిమిషంలో తేలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఈ దారిలో ఉన్న కార్డు అయితే చాలు.

ఏ జత పంపేది, ఏది అందుకునేది అన్నది రెసిస్టర్ల రంగులు చెప్పాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు చిప్ వైపున ఒక జత కాళ్ల నుంచి గ్రౌండుకు ఎరుపు, ఊదా, గోధుమ రంగు పట్టీల రెసిస్టర్లు రెండు దిగాయి. అవి 270 ఓములు. డీపీ8391 చిప్ పంపే కాళ్లకు పెట్టాల్సినవి అవే. మిగతా రెండు జతల దగ్గర నారింజ, తెలుపు, నలుపు, అంటే 39 ఓములవి రెండేసి. 39, 39 కలిపితే 78. ఏయూఐ కేబుల్ ఇంపీడెన్స్, అంటే సంకేతానికి అది చూపే నిరోధం, కూడా 78 ఓములే. ఆ రెండూ అందుకునే జతలన్నమాట, ఒకటి డేటాకు, ఒకటి ఢీకొన్న కబురుకు. పంపే జత హెడర్ 3, 10కి వెళ్లింది. లెక్క అంతా అతికింది.

కేబుల్ కట్టడం

కొత్త ఎఫ్‌ఆర్‌సీ సాకెట్, 40 సెంటీమీటర్ల 16 వైర్ల బూడిద రిబ్బన్, సోల్డర్ చేసుకునే రెండు వరసల 15 పిన్ ఆడ కనెక్టర్. సాకెట్‌ను రిబ్బన్ మీద వైస్‌లో పెట్టి సమంగా నొక్కాను. రెండో కొసన రిబ్బన్‌ను అరచేతి పొడవు బ్లేడుతో చీల్చి వైరుకు వైరు విడదీశాను. ఎర్ర అంచు ఉన్నది ఒకటో వైరు, అక్కడి నుంచి లెక్క. 2ను 9తో, 3ను 10తో, 5ను 12తో, 6ను 13తో మెలిపెట్టి, ఒక్కో వైరుకూ స్లీవ్ తొడిగి, కనెక్టర్ వెనక గిన్నెల్లో సోల్డర్ పోశాను. 16వ వైరు కత్తిరించేశాను. కనెక్టర్‌ను ఆ పాత గేమ్ పోర్ట్ రేకులోనే బిగించాను.

ఒక మాట. ముందు నుంచి చూస్తే ఎడమన ఉన్న పిన్ను వెనక నుంచి కుడిన ఉంటుంది. కనెక్టర్ ప్లాస్టిక్ మీద నువ్వుగింజంత అంకెలు అచ్చు వేసి ఉంటాయి. భూతద్దం పెట్టుకుని అవే చదవాలి, జ్ఞాపకం మీద నమ్మకం పెట్టుకోకూడదు.

షీల్డు లేని రిబ్బన్‌తో 78 ఓముల కేబుల్ పని జరుగుతుందా అని అడుగుతారు. 50 మీటర్లకు జరగదు. 40 సెంటీమీటర్లకు, జత మెలి ఉంచితే, ఇబ్బంది లేదు.

కేబుల్‌ను కార్డుకు తగిలించి హెడర్ కాళ్ల నుంచి కనెక్టర్ దాకా 15 దారులూ బీప్ పెట్టి చూశాను. అన్నీ మోగాయి. 13, 6 మధ్య 12.1 వోల్టులు. 47 ఓముల 5 వాట్ల తెల్ల రెసిస్టర్‌ను లోడుగా పెడితే 11.8. పావు ఆంపియర్ లాగినా అంతే తగ్గిందంటే ఫ్యూజు, వైరు, సోల్డరు అన్నీ గట్టిగా ఉన్నట్టే. ట్రాన్సీవర్ తగిలించాను. పాత ఆఫీసు సామాన్లలో దొరికిన 10బేస్-టీ ట్రాన్సీవర్ అది. పవర్ లైటు వెలిగింది. స్విచ్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ పెట్టగానే లింక్ లైటూ వెలిగింది.

లైట్లన్నీ వెలిగినా జవాబు లేదు

డాస్‌లో కార్డును నడిపే ప్యాకెట్ డ్రైవర్ ఎక్కింది, కార్డు అడ్రస్ చూపించింది. డాస్ కోసం రాసిన ఎం-టీసీపీలోని పింగ్ నడిపాను, అవతలి కంప్యూటర్ పలుకుతుందా అని అడిగే ప్రోగ్రామ్ అది. జవాబు లేదు. మళ్లీ నడిపాను. లేదు.

ఆ మిషన్ నడిపే పెద్దాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఏమైంది బిడ్డా, లైట్లన్నీ వెలుగుతున్నయి కదా?"

"వెలిగినయి కాకా, జవాబే వస్తలేదు."

ల్యాప్‌టాప్‌లో ప్యాకెట్లు పట్టి చూస్తే, ఈ ఐపీ అడ్రస్ ఎవరిదని 486 అడుగుతున్న ఏఆర్‌పీ ప్రశ్నలు శుభ్రంగా వస్తున్నాయి, అడ్రస్ ఒక్క అంకె తేడా లేదు. ల్యాప్‌టాప్ జవాబు పంపుతోంది. ఆ జవాబు వెళ్లినప్పుడల్లా ట్రాన్సీవర్ మీద అందుకునే లైటు మిణుకుమంటోంది. అంటే పంపే జత బాగుంది, జవాబు ట్రాన్సీవర్ దాకా వస్తోంది, కార్డు మాత్రం దాన్ని చూడటం లేదు. ప్యాకెట్ డ్రైవర్ లెక్కలు తీస్తే అందుకున్నవి సున్నా, తప్పులు కూడా సున్నా.

ఆ రెండో సున్నా నన్ను ఒక పూటంతా తప్పుదారి పట్టించింది. వైరింగ్‌లో తేడా ఉంటే పాడైన ఫ్రేములు, అంటే డేటా ముక్కలు, వచ్చి తప్పుల లెక్క పెరగాలి కదా, అది పెరగలేదంటే కార్డు ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్టు గొడవేమోనని అటు వెళ్లాను. ఎన్‌ఈ2000 కార్డులు మామూలుగా 3వ ఇంటరప్టు మీద ఉంటాయి, రెండో సీరియల్ పోర్టుదీ అదే. ఆ పోర్టును ఆపి చూశాను, 5కి మార్చి చూశాను. టెన్షన్ పెరిగింది తప్ప మార్పు రాలేదు. రాత్రి ఇంటికి వచ్చి డీపీ8390 డేటా షీటు మళ్లీ చదివితే అందులో ఉంది. ఆ చిప్ తన అడ్రస్‌కు వచ్చినట్టు గుర్తుపట్టిన ఫ్రేముల్లోని తప్పులనే లెక్కపెడుతుంది. అడ్రసే చెడిపోయి వస్తే అది తనది కాదనుకుని వదిలేస్తుంది. కాబట్టి తప్పులు సున్నా అంటే వైరింగ్ బాగున్నట్టు కాదు.

మూడో రోజు ఆసిలోస్కోప్ పట్టుకెళ్లాను. రెండు ప్రోబులు, ఒకటి 5కు, ఒకటి 12కు, తెర మీద రెండింటి తేడా. ఈథర్‌నెట్ ఫ్రేము మొదటి 6.4 మైక్రోసెకన్లు ప్రియాంబుల్, అంటే అందుకునే కార్డును సిద్ధం చేసే ముందు సంకేతం. బిట్లను అలలుగా మార్చే మాంచెస్టర్ పద్ధతిలో అది 5 మెగాహెర్ట్జ్ అలలా, సమానంగా పళ్లున్న దువ్వెనలా కనిపిస్తుంది. దాన్ని చూసి పోలారిటీ, అంటే జతలో రెండు వైర్లు తారుమారయ్యాయా లేదా అన్నది, చెప్పలేం, అటు తిప్పినా ఇటు తిప్పినా ఒకేలా ఉంటుంది. చూడాల్సింది ఫ్రేము చివర. ఆఖరి బిట్ అయ్యాక సంకేతం కనీసం 200 నానోసెకన్లు పైనే నిలబడి, ఆ తర్వాత మెల్లగా సున్నాకు జారాలి. ట్రాన్సీవర్ దగ్గర, కనెక్టర్ 5, 12 పిన్నుల మీద అది పైనే నిలబడింది. ప్రోబులు తీసి కార్డు హెడర్ 5, 12 మీద పెట్టాను. కిందికి దిగి నిలబడింది.

నలభై సెంటీమీటర్లలో తలకిందులైంది. 5, 12 వైర్లు తారుమారు. మెలిపెట్టిన రెండు బూడిద వైర్లలో ఏది ఏదో స్లీవ్ తొడిగేటప్పుడు కలిసిపోయాయి. పంపే జత అదృష్టం కొద్దీ సరిగా పడింది.

మరి 15 దారులూ బీప్ పెట్టి చూశాను కదా, అప్పుడెందుకు దొరకలేదు? ఈ మొత్తం కేసులో నేను అందరికీ చెప్పాలనుకున్నది ఇదే. కేబుల్ కార్డుకు తగిలించి ఉండగా చూశాను. హెడర్ 5, 12 రెండూ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు ద్వారా ఒకటిగానే ఉన్నాయి. హెడర్ 5 మీద మొన పెట్టి కనెక్టర్ 5ను తాకితే, వైరు తప్పుగా 12 నుంచి వచ్చినా సరే, చుట్టు మీదుగా తిరిగి వచ్చి మోగుతుంది. చుట్టుకు వెళ్లే ఏ జతలోనైనా వైర్లు తారుమారైతే ఈ పరీక్ష దాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు. రెండు రోజుల ముందు హెడర్ గుట్టు విప్పిన ఆ చుట్టే ఇక్కడ నా కళ్లు కప్పింది. కేబుల్‌ను కార్డు నుంచి విడదీసి మోగించాను. 5 మీద పెడితే 12 మోగింది, 12 మీద పెడితే 5 మోగింది. అయిదు నిమిషాల సోల్డర్ పని.

పింగ్ నడిపాను. మొదటి జవాబు రాగానే పెద్దాయన నా భుజం తట్టాడు.

తర్వాత వచ్చిన చిక్కులు

పింగ్ వచ్చాక చూసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. ట్రాన్సీవర్ పక్కన ఎస్‌క్యూఈ అని, ఢీకొన్న కబురు జత పని చేస్తోందని చూపే పరీక్ష సంకేతానికి, చిన్న స్విచ్ ఉంటుంది. కంప్యూటర్ కార్డుకు తగిలించినప్పుడు ఆన్‌లో ఉంచాలి, హబ్బుకు తగిలిస్తే ఆఫ్. మాది ఎవరో ఆఫ్‌లో ఉంచారు, మార్చాను. ఇక నెట్‌వర్క్ స్విచ్ పోర్టు సెట్టింగును ముట్టుకోకండి. 10బేస్-టీ ట్రాన్సీవర్‌కు వేగం బేరమాడుకోవడం తెలియదు. స్విచ్చే లింక్ పల్సులు చూసి 10 మెగాబిట్, హాఫ్ డూప్లెక్స్‌కు, అంటే ఒకసారికి ఒక వైపే పంపే పద్ధతికి, దిగి వస్తుంది. మంచి చేద్దామని ఫుల్ డూప్లెక్స్ బిగిస్తే ఫైళ్లు మధ్యలో తెగుతాయి. ఈ మధ్య వస్తున్న 2.5 గిగాబిట్ స్విచ్‌లలో కొన్ని 10 మెగాబిట్‌ను అసలు ఒప్పుకోవు. అలాంటిచోట పాత చిన్న స్విచ్ ఒకటి మధ్యలో పెట్టుకోవాలి.

అసలు చిక్కు వేరేగా వచ్చింది. మర్నాడు ఫోన్. "ఫైలు ఒకసారి పోతోంది, ఒకసారి పోవడం లేదు" అన్నారు. వెళ్లి కూర్చుని చూశాను. 16 మిల్లీమీటర్ల కడ్డీ మిషన్‌లో ఉంది. సాగుతూ సాగుతూ మధ్యలో నడుము సన్నబడి, ఫట్ మని తెగింది. ఆ చప్పుడుకు టేబుల్, క్యాబినెట్, నా కుర్చీ అన్నీ అదిరాయి. ట్రాన్సీవర్ లైట్లు ఆరిపోయాయి. ఫలితం పంపాల్సిన క్షణం కూడా సరిగ్గా అదే.

ఏయూఐ కనెక్టర్‌కు స్క్రూలు ఉండవు. కార్డు వైపు జరిగే రేకు లాచ్, ట్రాన్సీవర్ వైపు రెండు చిన్న మేకులు. మేకులు లాచ్ సందుల్లోకి వెళ్లాక రేకును పక్కకు జరిపితే పట్టుకోవాలి. ఈ లాచ్‌కు ఆ రోజుల నుంచీ మంచి పేరు లేదు, కేబుల్ బరువుకే జారిపోతుందని నెట్‌వర్క్ వాళ్లు విసుక్కునేవాళ్లు. నేను వాడిన గేమ్ పోర్ట్ రేకుకు అసలు లాచే లేదు. పైగా దాని ఆరు పలకల స్క్రూలు అడ్డుపడి ట్రాన్సీవర్ పూర్తిగా లోపలికి దిగకుండా పైపైన నిలబడింది. లింక్ లైటు వెలిగింది కదా అని నేను దాన్ని వదిలేశాను.

స్క్రూలు తీసేశాను. చచ్చిపోయిన పాత హబ్బు నుంచి లాచ్ రేకు విప్పి తెచ్చి బిగించాను. దాని పట్టు మీద నాకు నమ్మకం లేదు కాబట్టి ట్రాన్సీవర్ బరువు కనెక్టర్ మీద పడకుండా క్యాబినెట్ వెనక చిన్న అల్యూమినియం ముక్క పెట్టి, దానికి రెండు కేబుల్ టైలతో కట్టాను. ఆ తర్వాత వరసగా ఆరు కడ్డీలు తెంచి చూశాం. లైటు ఒక్కసారి కూడా మిణుకుమనలేదు.

వెళ్లే ముందు రెండో కేబుల్ ఒకటి కట్టి ఇచ్చాను, ఈసారి రెయిన్‌బో రిబ్బన్‌తో. అందులో వైర్ల రంగులు గోధుమతో మొదలై రెసిస్టర్ రంగుల వరసలోనే వస్తాయి, పది అయ్యాక మళ్లీ మొదటి నుంచి. అందుకే 5, 12 జతలో ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. 3, 10 జతలో నారింజ, నలుపు. 2, 9లో ఎరుపు, తెలుపు. 6, 13లో నీలం, నారింజ. మెలిపెట్టాక కూడా ఏది ఏదో కంటికి తెలుస్తుంది. కార్డుకు తగిలించకుండా ముందే 15 దారులూ మోగించి, ప్రతి పిన్నుకూ మిగతా పద్నాలుగూ మోగడం లేదని కూడా చూశాను. పిన్నుల పట్టీ, రంగులు, జంపర్లు ఏ వైపు ఉండాలో ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి క్యాబినెట్ తలుపు లోపల అంటించాను. పెద్దాయన ఆ కాగితం పక్కనే తన చేత్తో తేదీ వేసి, కొత్త కేబుల్‌ను మిషన్ స్పానర్ల సొరుగులో పెట్టుకున్నాడు.